అన్న చెంపలో పెరిగిన ఎముక

మా అన్న ఎల్బీనగర్‌లో ఆటో నడుపుతాడు. ఒకసారి సడన్ బ్రేక్ వేస్తే ఆటో కమ్మీకి చెంప గట్టిగా కొట్టుకుంది. వారానికి వాపు తగ్గింది, అందరం మరిచిపోయాం.

రెండు నెలలయ్యేసరికి అతని నోరు తెరుచుకోవడం మానేసింది. అన్నం ముద్ద పట్టక జావ తాగేవాడు.

"గుట్కా తింటేనే నోరిట్ల బిగుసుకుంటది. తింటున్నవ్, ఒప్పుకో" అని వదిన నిలదీసింది.

"నీ మీదొట్టు, తినలే" అన్నాడు అన్న, పళ్లు విడివడకుండానే.

నేనూ నమ్మలేదు. అతను స్నానానికి వెళ్లినప్పుడు ఆటో సీటెత్తి ప్యాకెట్ల కోసం వెతికాను. ఏమీ దొరకలేదు. అయినా బాగా దాచాడనే అనుకున్నాను.

చివరికి ముగ్గురం దిల్‌సుఖ్‌నగర్‌లో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ స్కాన్ తీయించి, చెంప కండ మధ్యలో తెల్లటి పలక చూపించింది.

"దెబ్బ తగిలిన కండలో ఎముక పెరిగిందండీ. అరుదుగా జరుగుతుంది. ఇది గుట్కా వల్ల వచ్చింది కాదు" అంది.

"కండల బొక్క ఎట్ల పుడ్తది మేడమ్?" అని అడుగుతూనే వదిన ఏడ్చేసింది. నేను సీటు వెతికిన సంగతి అన్నకు చెప్పాను.

"నాకెర్కే. సీటు ఉల్టా పెట్టినవ్" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో.

ఎముక పెరగడం ఆగాక ఆపరేషన్ చేసి తీసేశారు. నోరు మళ్లీ బిగుసుకోకుండా పళ్ల మధ్య ఐస్‌క్రీమ్ పుల్లలు పెట్టి, రోజురోజుకీ పెంచమన్నారు. నొప్పికి అన్న కళ్లలో నీళ్లు తిరిగేవి. "ఇంకొక్కటి, జర ఓర్చుకో" అంటూ వదిన పుల్ల అందించేది.

ఇప్పుడు నోరు రెండు వేళ్లంత తెరుచుకుంటుంది. పప్పన్నం తింటున్నాడు.