అత్తయ్య పేరు తేల్చాల్సింది ఎవరు?

మొన్న పొద్దున్న పేపరు తిరగేస్తుంటే, వాటాల తగాదాల్లో కంపెనీ ట్రిబ్యునల్ ఎంతవరకు కలగజేసుకోవచ్చు, ఎక్కడినుంచి షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ పని మొదలవుతుంది అన్న తీర్పు వార్త ఒకటి లోపలి పేజీలో కనబడింది. అది చదవగానే, మీకు మీ తొలి ఉద్యోగం తలుచుకుంటే కలిగేటంత హుషారు నాకూ కలిగి, చేతిలో కాఫీ సంగతే మరిచిపోయాను.

అప్పటికి నేనింకా కొత్త వకీలుని. మా రాజోలు అత్తయ్య, అంటే నాన్నగారి అక్క, మిషన్ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. అమలాపురం దగ్గర కొబ్బరిపీచు కంపెనీ పెట్టినవాళ్ళలో మావయ్య ఒకరు. తర్వాత ఆ కంపెనీ షేర్లు మార్కెట్లోకి కూడా వచ్చాయి. మావయ్య పోయాక ఆయన షేర్లు అత్తయ్య పేరున మారాయి కానీ, కొన్నాళ్ళకే ఆమెకి చెప్పకుండా ఆ పేరు కొట్టేసి, కంపెనీ నడుపుతున్న మరిదిగారి పేరు ఎక్కించారు. పైగా పెద్ద విదేశీ ఆర్డరు వస్తోందని ముందే తెలిసి, ఆ కబురు బయటికి పొక్కకముందే ఆయన మార్కెట్లో మరిన్ని షేర్లు కొనుక్కున్నారు. అత్తయ్యకి ఆస్తి మీద కన్నా, మావయ్య నిలబెట్టిన కంపెనీలో తనకి మాట లేకుండా పోయిందన్న బాధే ఎక్కువ.

నియంత్రణ సంస్థకి రాస్తే, షేర్లు ఎవరివో తేల్చడం మా పని కాదన్నారు. ఇప్పుడు ట్రిబ్యునల్ చేసే పని అప్పట్లో ప్రభుత్వంవారి కంపెనీ బోర్డు చేసేది, అది చెన్నైలో ఉండేది. అత్తయ్యా నేనూ రాజమండ్రి దాకా బస్సులో వెళ్ళి రైలెక్కి అక్కడికి చేరితే, అవతలి పెద్ద వకీలుగారు లేచి, ఇందులో రహస్యం తెలిసి కొన్నారన్న ఆరోపణ ఉంది కాబట్టి ఇది మార్కెట్ వాళ్ళ వ్యవహారం, ఇక్కడ చెల్లదన్నారు. అర్జీ రాసిన మా సీనియరుగారు జ్వరంతో రాలేకపోయారు. బోర్డు సభ్యులు ఆ పెద్ద వకీలుగారి మాటకే తలూపుతున్నారు. అంతలో భోజనాల వేళయింది.

వరండాలో బల్లమీద కూర్చుని పులిహోర పొట్లం విప్పుతూ అత్తయ్య నెమ్మదిగా అన్నారు.

"మీ సీనియరుగారు రెండు ప్రశ్నలు ఒకే అర్జీలో కలిపేసేరేమో చూడమ్మా. మా పిల్లలు అలా రాస్తే నేనూ మార్కులు వేసేదాన్ని కాదు."

నాకు ఆ మాట అప్పుడే లోపలికెళ్ళి చెప్పెయ్యాలన్నంత ఆత్రం. సీనియరుగారికి ఫోను చేసి సరేననిపించుకుని, మళ్ళీ పిలవగానే లేచాను.

"ముందే తెలిసి కొన్న సంగతి ఇక్కడ వదిలేస్తున్నామండీ. అది మార్కెట్ వాళ్ళనే అడుగుతాం. సంతకం లేకుండా ఈవిడ పేరు ఎలా కొట్టేశారన్నదొక్కటే మిమ్మల్ని అడుగుతున్నాం."

పెద్ద వకీలుగారు లేవబోయి కూర్చున్నారు. సభ్యులు కంపెనీ వాళ్ళవైపు తిరిగి, ఆవిడ సంతకం ఉన్న బదిలీ పత్రం చూపించమన్నారు. వాళ్ళ దగ్గర లేదు. అత్తయ్య పేరు తిరిగి ఎక్కించమని సాయంత్రంలోగా ఉత్తర్వు వచ్చేసింది! రెండో ఫిర్యాదు నియంత్రణ సంస్థ విచారణకి తీసుకుంది, అది తేలడానికి చాలాకాలం పట్టింది. కానీ ఆ మరుసటి వాటాదార్ల సమావేశానికి అత్తయ్య ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చున్నారు. పేరు పిలిస్తే, "ఆయ్, ఉన్నానండీ" అన్నారు. హాల్లో పాత పనివాళ్ళు నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు విచారణలు ఇంట్లో కంప్యూటరు ముందే జరిగిపోతున్నాయి, ప్రయాణాల బాధ తప్పింది, మంచిదే. కానీ కేసు నడుస్తున్నప్పుడు మన మనిషి మన వెనకాలే కూర్చుని ఊపిరి బిగబట్టడం వినబడేదే, గెలిచాక వెనక్కి తిరిగితే ఆ మొహం కనబడేదే, అది ఈనాటి కుర్ర వకీళ్ళకి తెలియకుండానే పోతుందేమో అనిపిస్తుంది.