వెండి కింద బొటనవేలు

ముందు ఒక గీత వినిపించింది. గాజు మీద సన్నగా, పొడవుగా, ఎక్కడా తెగకుండా సాగిన గీత. తర్వాత కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత టక్కుమని విరిగిన చప్పుడు, ఎవరో తృప్తిగా గొంతు సవరించుకున్న చప్పుడు. అప్పుడు కనిపించాడు అద్దాలాయన, గోడలకు ఆనించిన అద్దాల మధ్య ఏడెనిమిది చోట్ల ఒకేసారి. వాళ్ళలో అసలు మనిషి ఎవరో పోల్చుకోలేక నేను తికమకపడుతుంటే, "ఫరవాలేదులెండి, నాకిది చిన్నప్పట్నుంచీ అలవాటే" అన్నాడు.

నేను తీసుకెళ్ళింది మా మావయ్య టైలరు షాపులోని నిలువుటద్దం. షాపు మూసేస్తూ నాకిచ్చాడు. వెనక పూత నల్లబడింది, కడిగించి కొత్తది వేయించుకోవాలి. అద్దాలాయన దాన్ని బల్ల మీద పడుకోబెట్టి తుడుస్తూ తుడుస్తూ కింది మూల దగ్గర ఆగిపోయాడు. అక్కడ బొటనవేలంత మచ్చ ఉంది. దీన్ని కొన్నది ఒక టైలరా అని అడిగాడు. అవునన్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఆ అద్దానికి వెండి పోసింది ఆయనా, ఆయన అన్నయ్యా. ఇద్దరూ కవలలు, అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండేవారు. వాళ్ళమ్మ సైతం మొహాలు నమ్మేది కాదట. చెయ్యి పట్టుకుని బొటనవేలు తిప్పి చూసేదట. పెద్దవాడి వేలి మీద గీతలు గుండ్రంగా సుడి తిరిగేవి. చిన్నవాడివి ఒక పక్క నుంచి బయలుదేరి, కొంత దూరం వెళ్ళి, ఏదో మర్చిపోయినట్టు వంగి వెనక్కి వచ్చేసేవి. అందుకని పెద్దవాడు సుడిగాడు, చిన్నవాడు కొక్కెంగాడు. సుడి అంటే అదృష్టం కూడా కదా, ఆ పేరు తనకు రాలేదని చిన్నవాడు చాలా ఏడ్చాడట.

పెద్దయ్యాక ఇద్దరూ ఒకే అద్దాల కార్ఖానాలో చేరారు. గాజును కడిగి, తడి ఆరకముందే వెండినీళ్ళు పోయాలి. మధ్యలో ఎవరి వేలు తగిలినా చర్మం జిడ్డు అంటుకుని అక్కడ వెండి సరిగా పట్టదు. ఈ అద్దం మీద అలాంటి మసక కనిపించింది. వెండి గదిలోకి వెళ్ళేది వాళ్ళిద్దరే. నేను కాదంటే నేను కాదన్నారు. యజమానికి ఎవరు ఎవరో ఎప్పుడూ తెలియదు. చేతికందినవాడి కాలరు పట్టుకున్నాడు. అది సుడిగాడి కాలరు. ఆ రోజు నుంచి అతన్ని అంచులు అరగదీసే గదిలో వేశారు. అద్దాన్ని టైలరు పట్టుకుపోయాడు, ఆ మూలలో పాదాలే కదా కనిపించేది అంటూ. తర్వాత ఊరు మారిపోయాడు.

"వేలు నీదంటే నీదని జీవితమంతా కొట్టుకున్నాం. వాడు పోయాడు. ఇప్పుడిది వచ్చింది," అన్నాడు అద్దాలాయన.

ఇన్నేళ్ళలో గాలి ఆ మసకలోకి మెల్లగా దారి చేసుకుంది. జిడ్డు ఉన్న గీత వెంట గీత నల్లబడుతూ వచ్చింది. ఎవరూ చూడని చోట ఒక వేలు తనను తాను రాసుకుంటూ పోయింది. కానీ ఆయన కళ్ళకు ఇప్పుడు అంత సన్నటివి ఆనవు. దుకాణం నిండా అద్దాలున్నాయి గానీ భూతద్దం మాత్రం లేదు.

అది అప్పుడే వచ్చిన సుడిగాడి కూతురి సంచిలో దొరికింది. బళ్ళో జీవశాస్త్రం చెబుతుంది. సాయంత్రాలు బాబాయిని చూసి వెళుతుంది. సంగతి విన్నాక భూతద్దాన్ని తుడుస్తూ నిలబడింది తప్ప వంగి చూడలేదు. ఇంట్లో ఉన్న ఫొటోల్లో ఏది నాన్నో ఏది బాబాయో ఆమెకు ఇప్పటికీ తెలియదట. ఇది సుడి అయితే మాత్రం తప్పకుండా నాన్నదే.

అసలీ గీతలు ఎలా పుడతాయని అడిగాను. ఆ ప్రశ్న ఆమెకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చింది. కడుపులో మూడో నెలప్పుడు వేలి కొసల్లో చిన్న చిన్న దిళ్ళలా ఉబ్బుతాయట. వేళ్ళు పెరిగేకొద్దీ ఆ ఉబ్బు తగ్గిపోతుంది. సరిగ్గా ఆ సమయంలోనే చర్మం లోపలి పొరలో గీతలు మొదలవుతాయి. దిండు ఎత్తుగా, గుండ్రంగా ఉంటే గీతలు చుట్టూ తిరిగి సుడి అవుతాయి. ఒక పక్కకు ఒరిగి ఉంటే కొక్కెం. అణిగి ఉంటే చిన్న అలలా ఇటు నుంచి అటు దాటిపోతాయి. పైతోలు ఊడినా మళ్ళీ అదే అచ్చు వస్తుంది, ఎందుకంటే దాని వేరు లోపలుంది.

మరి కవలలకు వేరు వేరుగా ఎందుకన్నాను. ఒకే కడుపైనా ఇద్దరూ ఒకేలా పడుకోరు కదా అంది. పిడికిలి ఎలా ముడిచారో, వేలికి ఏది ఒత్తుకుందో, చుట్టూ నీళ్ళు ఎలా కదిలాయో, అన్నీ కొంచెం కొంచెం తేడా చేస్తాయి. పూర్తి లెక్క ఇంకా ఎవరికీ తేలలేదు.

"అయితే అప్పుడే వాడు మంచి చోటు పట్టేశాడన్నమాట," అన్నాడు అద్దాలాయన. "ఇక చూడమ్మా."

ఆమె వంగింది. చాలాసేపు తల ఎత్తలేదు.

"సుడేనా?"

"కొక్కెం, బాబాయ్."

ఆయన భూతద్దం లాక్కున్నాడు. వెండినీళ్ళకు నల్లబడిన తన బొటనవేలిని మచ్చ పక్కన ఆనించాడు. గాజు కింద గీతలు వెళ్ళి, వంగి, తిరిగొచ్చాయి. వేలి మీద కూడా అంతే. ఎదురు చూసిన మనిషి రాలేదు. తలుపు తీస్తే ఎదురుగా తానే నిలబడి ఉన్నట్టయింది.

"నా బదులు వాడు అంచులు అరగదీశాడే," అన్నాడు.

నాన్నకు తెలిసే ఉంటుందంది ఆమె. యజమాని కోపం తగ్గాక వెండి గదిలోకి రమ్మని పిలిచినా వెళ్ళలేదట. అక్కడ వేలు పెట్టడానికి మీ బాబాయున్నాడుగా అనేవాడట. ఇంట్లో అందరూ అది హాస్యమే అనుకున్నారు. చెబుతూ ఆమె నవ్వింది, కళ్ళు తుడుచుకుంది.

ఆ మూల అలాగే వదిలేయమన్నాను నేను. అద్దాలాయన తల అడ్డంగా ఊపాడు. మచ్చ మీద గుడ్డ కప్పి, నన్ను గుమ్మం దాకా సాగనంపాడు.

"ఎల్లుండి వచ్చి తీసుకెళ్ళండి. ఈసారి దీని మీద వేలు పడితే మాత్రం అది నాదే. ముందే చెప్తున్నా."