నామినీ అంటే ఏమిటో నేనే ముందు చెప్పాను

ఎనభైల మొదట్లో, ఒక ఆషాఢ ఆదివారం... పొద్దున్నే తలుపు తీస్తే గడపలో సులోచన! నా తరగతే, నా బెంచీయే. వెనకాల సంచీతో వాళ్ల నాయన.

చూడగానే తలుపు మళ్లీ మూసేయాలనిపించింది. ఎందుకో చెబుతాను...

ఆ ఏడు నేను తొమ్మిదో తరగతి. మాటల పిచ్చి పట్టింది. కొత్త మాట చెవిన పడితే చాలు, నోటుబుక్కు వెనక పేజీలో అర్థంతో సహా ఎక్కించేదాన్ని. తరగతిలో మాటలకు నేనే రాణినని నమ్మకం. కానీ సులోచన దగ్గర నాకు లేని మాటలుండేవి. ఇన్సూరెన్సు పాలసీ నిలవడానికి ఏటా కట్టే డబ్బు ప్రీమియమట. గడువు దాటినా కట్టడానికి కంపెనీ ఇంకొన్నాళ్లు ఆగితే అది గ్రేస్ పీరియడట. మధ్యలో వద్దనుకుని వదులుకుంటే సరెండరట... బెల్లమ్ముక్క చూపించినట్టు ఒక్కో మాటా ఊరించి ఊరించి చెప్పేది.

వాళ్ల నాయన బడిపంతులు. సర్కారు జీతగాడు ఏజెంటుగా ఉండకూడదని కాగితాల్లో వాళ్లమ్మ పేరు. ఇల్లిల్లూ తిరిగేది ఆయన. ఫారాలు నింపేది సులోచన... ముత్యాల్లాంటి దస్తూరి మరి!

అప్పట్లో ఇన్సూరెన్సు మనం వెతుక్కుంటూ పోయేది కాదు. అదే మన వసారాలోకొచ్చి, చాప మీద కూర్చుని, మజ్జిగ తాగి, మెల్లగా మాట కదిపేది.

మాది తిరుచానూరు. గుడి వీధిలో నాయనకు పూలకొట్టు. అది తప్ప మాకు వేరే ఆధారం లేదు. అందుకే పాలసీ తీసుకోవాలని ఆయనకు ఎన్నాళ్లుగానో ఉంది. అమ్మకే ఇష్టం లేదు. ఆ రోజు ఎట్లాగో మెత్తబడి, స్తంభానికి ఆనుకుని వింటోంది.

సులోచన ఒళ్లో అట్ట పెట్టుకుని రాసుకుంటూ పోతోంది. మా నాయన పేరు, మా ఇంటి నంబరు... నా కళ్లముందే, తన చేత్తో!

"నామినీ ఎవురు మామా?" అని నాయనను అడిగింది.

"అంటే ఏంది పాపా?"

సులోచన నోరు తెరిచేలోగా నేను దూకాను. "నువ్వు సచ్చిపోతే ఆ దుడ్లు తీసుకునేవాళ్లు నాయనా!"

పంతులుగారు కళ్లు మూసుకున్నారు.

"పొద్దన్నే అదేం మాటే, నీ నోట్లో మన్నుబడ!" అమ్మ మజ్జిగ చెంబు నేలకేసి కొట్టినంత పని చేసింది. "ఈ కాగితాలూ వద్దు, ఏమీ వద్దు. తీసకపోన్నా."

"పిల్ల తెలీక అనిందిలేమ్మా..." అన్నారు పంతులుగారు.

"తెలిసే అనింది. దినామూ ఆ బుక్కులో గీకతానే ఉంటాది గదా!"

ఆయన ఫారాలు సంచీలో పెట్టుకోబోయారు. నాయన తల వంచుకున్నాడు. నా వల్లే పోయింది అంతా...

సులోచన మాత్రం లేవలేదు. పెన్ను మూత పెట్టి, జరిగి అమ్మ పక్కన కూర్చుంది.

"అత్తా, మామకు నూరేండ్లు. అంగడి తాళంచెవి ఒకటి మామ మొలలో ఉండాది. ఇంకోటి?"

"నా దగ్గిరే ఉండాది. యాడన్నా పారేసుకుంటే కావల్ల గదా."

"ఇదీ అట్లాంటిదే అత్తా. రెండో తాళంచెవి ఎవురి దగ్గిర పెడదామని అడిగినాను, అంతే."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "అయితే నా పేరే రాయి" అంది.

నాయన నావైపు తిరిగి నవ్వాడు. "సూసినావా పాపా... మాటంటే అది!"

చెంపదెబ్బ కొట్టినా అంత మండేది కాదు. అర్థం నాదే సరైంది, అయినా గెలిచింది ఆమె! వారం రోజులు బెంచీ మీద మా ఇద్దరి మధ్య పుస్తకాల సంచీ అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. సులోచన మాత్రం ఏమీ జరగనట్టే చింతకాయలు పెట్టేది... అందుకు ఇంకా కుళ్లు.

ఇప్పుడైతే మధ్యలో ఏజెంటే అక్కర్లేదు. కంపెనీవాళ్లే నేరుగా ఫోన్లో అమ్ముతున్నారు. చాప వేయక్కర్లేదు, మజ్జిగ ఇవ్వక్కర్లేదు. నిన్న నేనూ ఒకటి తీసుకున్నాను. నామినీ గడిలో కూతురి పేరు కొట్టాను. నిమిషంలో అయిపోయింది... నా నోరు నొక్కేవాళ్లు లేరు, అమ్మలా ఉలిక్కిపడేవాళ్లూ లేరు.

పిల్లకు ఇంకా చెప్పలేదు. రేపు పొద్దున కాఫీ ఇచ్చి, పక్కన కూర్చుని చెబుదామనుకుంటున్నాను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఇన్ని మాటలు నేర్చుకుని ఏం లాభం... సులోచనంటే ఇప్పటికీ కుళ్లే నాకు.

మీ ఇళ్లల్లో ఈ నామినీ మాట ఎవరు చెప్పారు, ఎట్లా చెప్పారు? కొంచెం రాయండి... పొద్దున్నే లేచి చదువుకుని, తర్వాత పిల్లను లేపుతాను.