అంగరఖాకు పెట్టిన పసుపు

జగిత్యాలలో మా అన్న ఇంటి పెరట్లో, దండెం మీద నేను కుట్టి ముందే పంపిన తెల్లని అంగరఖా వేలాడుతోంది. దాని నిండా నెత్తురు. ఎదురు రొమ్ము మీద ఇంత మరక, రెండు చేతుల అంచుల్లో మరకలు, నడుము కింద విచ్చుకునే ఘేరా మీద మరకలు. నా చేతిలోని సంచి జారి కింద పడింది. ముందు బట్ట సంగతి తోచలేదు. పిల్లకు ఏమైందోననే అనుకున్నాను.

"బిడ్డా!" అని కేకేశాను.

మా మేనకోడలు వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బాయి కానీ ఒంటి మీద గీత కూడా లేదు.

"నాకేం కాలే అత్తా. అంగీకే అయింది."

ఆ సాయంత్రమే వాళ్ళ కాలేజీలో చరిత్ర నాటకం. మా పిల్లది సేనాని వేషం. మిగతా వాళ్ళంతా అద్దెకు తెచ్చిన తళుకుల బట్టలు వేసుకుంటున్నారు. ఇది మాత్రం చాలా రోజుల కిందటే ఆ అద్దె అంగీని తిప్పి చూసి నాకు ఫోన్ చేసింది. "అత్తా, ఎనక జిప్పు ఉన్నది. జిప్పు ఏసుకొని యుద్ధానికి పోతరా ఎవలన్న?" అని అడిగింది. ఆ మాటతో నేను లొంగిపోయాను. పాత కాలపు అంగీ పాత కాలపు పద్ధతిలోనే కుడతానని మాటిచ్చాను.

బట్ట కోసం సిరిసిల్ల వెళ్ళాను. అక్కడ నా చిన్ననాటి స్నేహితురాలిది మగ్గాల ఇల్లు. "మా దగ్గర అంత పాలిస్టరే. నూలు ఏడ దొరుకుతది?" అని నవ్వుతూనే, వాళ్ళ మామ గుంట మగ్గం మీద నేసి దాచిన తెల్లని తాను పెట్టెలోంచి తీసిచ్చింది. దాన్ని నీళ్ళలో నానబెట్టి గంజి వదిలించి, ముడుచుకునేదంతా ముందే ముడుచుకోనిచ్చి, ఆరబెట్టి, అప్పుడు కత్తెర పెట్టాను. ఘేరా కోసం ఏటవాలు ముక్కలు, చేయి ఎత్తినా అంగీ పైకి లేవకుండా చంక కింద నలుపలకల ముక్క. గుండీలు లేవు, అదే బట్టతో నాడాలు. మిషన్ ముట్టుకోలేదు.

దారం దగ్గరే నా ప్రాణం పోయింది. మా కోరుట్లలో ఏ దుకాణంలో అడిగినా పాలిస్టర్ దారమే. "నూలు దారం గిప్పుడు పతంగులకు గూడ కొంటలేరు అక్కా," అన్నాడొకడు. చివరికి ఒక మూల దుకాణంలో దొరికితే, తెగకుండా మైనం రాసుకుంటూ చేత్తో కుట్టాను. ఆ కాలంలో లేని దారం ఆ కాలపు అంగీలో ఉండకూడదని నా పంతం. ఎవరు చూస్తారని మా ఇంటాయన అడిగాడు. ఆ మాటా నాకు గుర్తుంది.

ఇంత చేసింది మా వదిన కూతురి కోసం. మా వదిన, అంటే ఈ అన్న భార్య, నా కుట్టుకు చేసిన అవమానం నేనెన్నడూ మరవలేదు. వాళ్ళ పెళ్ళికి నేను తెల్లని పట్టు రవిక కుట్టి ఇచ్చాను. నా మొదటి కుట్టు అది. మనలో కొత్త బట్ట కట్టే ముందు మూలకు పసుపు పెడతారు కదా. పళ్ళెంలో ఉన్న ప్రతి చీరకూ పెట్టింది. నా రవికను మాత్రం పక్కన పెట్టింది. పసుపు పెట్టలేదు, తొడుక్కోలేదు. అందరి ముందూ.

"ఎవలు చేసిన్రు గిది?" అని అరిచాను ఇప్పుడు.

వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పసుపు నేనే పెట్టిన. కొత్త బట్టనాయె. గా సబ్బు రుద్దింది నీ కోడలు."

"పసుపు మరకలు కనబడతయని రుద్దిన అత్తా," అంది పిల్ల. "రుద్దినకొద్ది ఎర్రగైంది. ఇంక రుద్దిన."

సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని నాకు తెలుసు. కానీ అది మా జిల్లాలోని ఇబ్రహీంపట్నంలో మా అన్న చేనులో పండిన పసుపు. అంత ఎరుపు నేనెప్పుడూ చూడలేదు.

"మూలకు చుక్క పెట్టాలె గని గింతనా? రొమ్ము మీదనా?" "నా రవికకు పెట్టని దానివి, దీనికెందుకు పెట్టినవు?"

"గందుకే పెట్టిన!" వదిన కూడా అరిచింది. "అది తెల్ల పట్టు, మచ్చ పడితే పోదని పెట్టలే. అప్పటి సంది గదే మాట పెండ్లిళ్ళల్ల అన్నవు, పేరంటాలల్ల అన్నవు, మా అమ్మ దినాల నాడు గూడ అన్నవు. గీసారన్న నోరు మూస్తవని నిండ పెట్టిన!"

నేను అక్కడే అరుగు మీద కూలబడ్డాను. ఎర్రని మరకలు చూసినప్పుడు కూడా ఇంత దెబ్బ తగల్లేదు. "మరెందుకు తొడుక్కోలే?" అన్నాను.

"సంకల పట్టలే తల్లీ! ఎట్ల తొడుగుత?"

ఆ కొలతలు పంపింది వాళ్ళ పుట్టింటివాళ్ళే. ఆ మాట అక్కడే చెప్పాను.

తెలుపు ఇక రాదు. నిమ్మకాయలు పిండి ఎరుపును మళ్ళీ పసుపుపచ్చగా మార్చాను. తర్వాత గంగాళంలో పసుపూ, రంగు నిలవడానికి పటికా కలిపి, మొత్తం అంగరఖాను ముంచేశాను. వదిన ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని పిండాం. ఎండలో రంగు వెలుస్తుందని లోపలే ఆరేస్తే, అన్న టేబుల్ ఫ్యాన్ పట్టుకుని నిలబడ్డాడు. నేను ఇస్త్రీ పెట్టె పట్టుకుని ఏడ్చాను. ఆ తెలుపు కోసమే కదా సిరిసిల్ల దాకా పోయింది.

స్టేజీ దీపాల కింద మా పిల్ల చేయెత్తి నిలబడితే, అంగరఖా బంగారంలా మెరిసింది. నాటకం అయ్యాక వాళ్ళ లెక్చరర్ మైకులో, "ఈ రంగు ఆలోచన ఎవరిదమ్మా?" అని అడిగాడు.

"రంగు మా అమ్మది సార్," అంది పిల్ల. చప్పట్లు మోగాయి. "కుట్టు మా అత్తది" అని కూడా అంది. ఆ మాట చప్పట్లలో కొట్టుకుపోయింది. ముందు వరుసలో కూర్చున్న నేనే దాని పెదవులు చూసి తెలుసుకున్నాను.

బట్టలు మార్చుకునే గదిలో నేను ఎవరి వంకా చూడకుండా పిల్ల అంగీ నాడాలు విప్పుతున్నాను. వదిన వచ్చి అంగరఖా చేతి అంచును తిరగేసింది. కుట్టు వెంబడి వేలు పోనిచ్చింది.

"దారం గూడ పచ్చగైందే," అంది.

నా చేతులు ఆగిపోయాయి. పాలిస్టర్ దారమైతే రంగు పట్టేది కాదు. కుట్టు కుట్టూ తెల్లగా పళ్ళు ఇకిలించేది. కాలేజీ మొత్తంలో అది చూసిన ఒకే ఒక్క మనిషి మా వదిన!

ఆమె చంక కింది పలకల ముక్కను రెండు వేళ్ళతో సాగదీసి చూసింది. "గిసొంటి ముక్క ఏసి నాకో రవిక కుట్టరాదు?"

"కుడత," అన్నాను. "కొలతలు నేనే తీస్త. మీ పుట్టింటోళ్ళు చెప్పినయి వద్దు."

"పసుపు మాత్రం నేనే పెడత."

"పెట్టు," అన్నాను. "లోపలి మడతకు పెట్టు."