వీధినే ఇల్లుగా మలచిన అనసూయమ్మ టీచరు

అనసూయమ్మ టీచరు ఇక లేరన్న వార్త బడి గంట కొట్టకముందే తెలిసింది. ముందు రోజు సాయంత్రం వాకిట్లో నిలబడి పలకరించిన మనిషి. గుండె ఆగిపోయిందట. ఆమె దగ్గర అక్షరాలు దిద్ది, ఆమె పనిచేసిన బడిలోనే పంతులునైన నాకు దుఃఖం కంటే ముందు భయం కలిగింది. నర్సింలు గారి గతి ఏమిటి?

నర్సింలు గారు ఆమె అన్న. జీవితమంతా బస్సు కండక్టరుగా పనిచేసి, వార్ధక్యంలో స్మృతిభ్రంశానికి లోనయ్యారు. పొద్దెక్కితే చాలు, డ్యూటీకి ఆలస్యమవుతోందంటూ బొంబాయి రోడ్డు వైపు నడిచేవారు. అక్కడ లారీలు ఎవరి కోసమూ ఆగవు. "పట్నం తోలుకపోయి పిచ్చి దవాఖానల పెట్టు" అని చుట్టాలు పోరుపెట్టారు.

"తాళమేస్తె పానం ఉంటదేమో గని, మా అన్న ఉండడు" అని టీచరమ్మ ఖండితంగా చెప్పారు.

ఇంటి నుంచి రోడ్డు దాకా ప్రతి దుకాణానికీ వెళ్లి బాధ్యత అప్పగించారు. "మా అన్న మాటకు లేదు, కాదు అనకుండ్రి. ఏదన్న పని చెప్పి ఇంటి దిక్కు మళ్లియ్యుండ్రి." అల్లం వ్యాపారి కరీం భాయి ఈ విద్యలో ఆరితేరాడు. "కండక్టర్ సాబ్, డ్రైవర్ ఇంక బువ్వ తింటున్నడు. జర ఈ అల్లం టీచరమ్మకు ఇచ్చి రాండ్రి" అనేవాడు. ఆయన బుద్ధిగా వెనుదిరిగేవారు. పోగుపడ్డ అల్లాన్ని ఆమె శొంఠి చేసి వీధికే పంచి, "మా అన్న సంపాదన" అని నవ్వేవారు. డాక్టరు ఇంటికొచ్చే రోజునే మంగలినీ రప్పించేవారు, అన్నను రెండుసార్లు బతిమాలి కూర్చోబెట్టే పని లేకుండా.

ఆ నవ్వు వెనుక భీతి ఉండేది. "నా పానం బాగుంటలేదు బిడ్డా. నేను పోతే అన్నను ఎవరు చూస్తరు?" అని ఈ మధ్యే అడిగారు.

"వీధంత ఉన్నది కద టీచరమ్మా" అన్నాను.

వీధంతా వచ్చింది, అంతిమయాత్రకు. ఊరి మర్యాద ప్రకారం దుకాణాలన్నీ కట్టేసి పాడె వెంట నడిచాం. కొంత దూరం పోయాక కరీం భాయి నా భుజం పట్టుకున్నాడు. "సార్, కండక్టర్ సాబ్ ఏడున్నడు?"

పరుగెత్తాం. మూసిన దుకాణాల మధ్య నుంచి, ఆపేవారు లేక, ఆయన నడిరోడ్డుకు చేరారు. ఒక లారీ అడుగు దూరంలో ఆగి ఉంది. నర్సింలు గారు మాత్రం చేయెత్తి "రైట్, రైట్" అంటున్నారు.

చుట్టాలు మళ్లీ పట్నం మాట ఎత్తారు. ఆయన్ను చూసుకునే దారి వీధి చూపకపోతే తీసుకుపోతామని పదోనాటి వరకు గడువిచ్చారు. టీచరమ్మ అంతటి కరుణామూర్తి, అంతటి కార్యదక్షురాలు మనకు మళ్లీ దొరకరు. ఆ లోటు తీరేది కాదు. ఆదివారం సంతాప సభ పెడతామంటున్నారు. దయచేసి ఎవరూ దుకాణం కట్టేసి రావద్దు. ఎవరి గడపలో వారు నిలబడి, రోడ్డు మీద కన్నేసి ఉంచి, ఆ తల్లికి నమస్కరించండి.