యారాడలో రాని బొమ్మ

నీలకంఠం బావ ఎన్ని టీవీ యాంటెన్నాలు కట్టాడో ఆయనకే లెక్క తెలియదు. దువ్వాడ స్టేషన్ నుంచి గాజువాక దాకా ఒకప్పుడు మేడల మీద కనిపించిన కడ్డీల్లో సగం ఆయన కట్టినవే. బొమ్మ రాని ఇల్లు మాత్రం ఒక్కటే. అది యారాడలో, పోలిరాజు ఇల్లు. వచ్చిన ఇళ్ల గురించి ఆయన పెద్దగా చెప్పేవాడు కాదు. ఆ రాని ఇంటి గురించి మాత్రం ఈ పదేళ్లలో నాకు ఇరవై సార్లయినా చెప్పి ఉంటాడు.

ఆయన నాకు పోర్టు దగ్గర పరిచయం. లారీల మీదికి బస్తాలెక్కించే పనిలో ఇద్దరిదీ ఒకే జట్టు. అప్పటికి యాంటెన్నాల పని పోయి చాలా కాలమైంది. కేబుల్ వచ్చింది, తర్వాత డిష్ వచ్చింది. ఆయన కొన్నాళ్లు గోడలకి రంగులేశాడు, చివరికి మా బస్తాల దగ్గర తేలాడు. టీ తాగుతున్నా కళ్లు మాత్రం మేడల మీదే ఉండేవి.

"అల్లదిగో, కాకి వాలింది సూడు, అది నాను కట్టిందేరా ఈరన్నా. ఇంటోళ్లకి డిష్ వచ్చీసినా అది తీయనేదు. ఇన్నేళ్లయినా పైపు వంగిందేటి?" అనేవాడు.

"కాకులకి బాగా పనికొచ్చింది బావా," అనేవాణ్ణి నేను.

ఆయన పని పద్ధతి వేరు. మిగతావాళ్లయితే మేడ మీద ఒకడు, టీవీ ముందు ఒకడు, మెట్ల మీద ఇంకొకడు నిలబడి వచ్చిందా, పోయింది, కొంచెం ఇటు తిప్పు అని వీధంతా లేచేలా అరుచుకునేవాళ్లు. ఈయనకి ఆ అరుపులు అక్కర్లేదు. టీవీ సౌండు బాగా పెంచేసి పైకెక్కేవాడు. బొమ్మ లేనప్పుడు తెర నిండా చుక్కలు కదులుతూ వాన కురిసినట్టు చప్పుడొచ్చేది కదా. పైనుంచి ఆ వాననే వింటూ పైపు తిప్పేవాడు. వాన పలచబడుతున్న వైపుకి తిప్పుకుంటూ వెళ్లి, అది ఆగిన చోట పానాతో బిగించేవాడు. కిందికి దిగేసరికి బొమ్మ ఉండేది.

యారాడలో ఆ వాన ఆగలేదు. టీవీ టవరు ఊరికి అవతల కొండ మీద ఉంది. యారాడేమో డాల్ఫిన్ నోస్ కొండకి ఇవతల, ఎడమా కుడీ కొండల మధ్య గిన్నె అడుగులో పెట్టినట్టుంటుంది. ముప్పై ఏళ్ల కిందట పోలిరాజు పెళ్లాం గంగాలమ్మ కాలు విరిగి మంచాన పడింది. ఇంట్లోంచి కదల్లేని మనిషికి ఏదో ఒకటి చూడటానికి ఉండాలని పోలిరాజు టీవీ కొని, పడవలో వేసుకుని తెచ్చాడు. నీలకంఠం బావని పిలిపించాడు.

పొద్దున్నుంచి తిప్పితే సాయంత్రానికి ఒక్క చోట బొమ్మ వచ్చింది. టవరు ఎడమ కొండ వెనకుంటే, బొమ్మ కుడివైపు కొండకేసి తిప్పినప్పుడు వచ్చింది. కాకపోతే జంటగా వచ్చింది. వార్తలు చదివే ఆవిడ పక్కనే, కొంచెం జరిగి, మళ్లీ ఆవిడే. అక్కడ రాతికి కొట్టుకుని తిరిగొస్తున్న బొమ్మ అది. పోలిరాజు చప్పట్లు కొట్టి, "అక్కాసెల్లెల్లిద్దరూ వచ్చీసినారే!" అన్నాడట. మంచం మీద గంగాలమ్మ పగలబడి నవ్వి, "ఉండనీ బాబూ, ఇద్దరుంటే మరీ మంచిది," అందట.

బావకి మాత్రం తల కొట్టేసినట్టయింది. నీలకంఠం కట్టిన యాంటెన్నాలో దెయ్యం బొమ్మ వచ్చిందని నలుగురూ అనుకుంటే ఇంకేమైనా ఉందా? అసలు బొమ్మ కోసం మళ్లీ ఎడమ కొండకేసి తిప్పాడు. ఉన్నది కూడా పోయింది. ఈసారి అదే చోటికి తిప్పుదామంటే ఆ చోటు దొరకలేదు, చీకటి పడిపోయింది. ఇంకా పొడుగు పైపు తెస్తానని చెప్పి యాంటెన్నా విప్పుకుని వచ్చేశాడు. మళ్లీ వెళ్లలేదు. మరుసటేడు పోలిరాజు జ్వరమొచ్చి పోయాడని ఎవరో చెప్పారు.

"ఆల్లకి సాలిన బొమ్మరా అది. నాకు సాల్లేదని తీసీసినాను," అనేవాడు బావ. అక్కడితో టీ గ్లాసు కింద పెట్టేసేవాడు.

ఈ ఏడాది ఆయన మోకాళ్లు బాగా పాడయ్యాయి. బస్తాలు మానెయ్యమన్నాడు డాక్టరు, నిచ్చెన జోలికి అసలు వెళ్లొద్దన్నాడు. ఆ వారంలోనే ద్వారకా నగర్‌లో వైర్లమ్మే దేవీప్రసాద్ ఆయనకి ఫోన్ చేశాడు. కొండ మీది టవరు నుంచి ఇప్పుడు డిజిటల్‌లో వదులుతున్నారని, చిన్న యాంటెన్నా, ఒక బాక్సు ఉంటే చాలని, డిష్ కూడా అక్కర్లేదని చెప్పాడు. ఇద్దరం అతని కొట్టుకి వెళ్లాం.

"కానీ ఒకటి గురువుగారూ," అన్నాడు దేవీప్రసాద్. "ఇందులో చుక్కలుండవు, నీడలుండవు. వస్తే అద్దంలా వస్తుంది. లేదంటే నల్ల తెరే."

బావ ఆ బాక్సుని తిప్పి తిప్పి చూశాడు. "యారాడ ఎల్దామేటి?" అన్నాడు.

"నీ మోకాళ్లు?"

"ఒక్కసారికి మోస్తాయిలే. తర్వాత ఎలాగూ ఎక్కలేను గదేటి."

ఆదివారం బయల్దేరాం. సింధియా దగ్గర యారాడ బస్సెక్కుతుంటే కండక్టర్ పైపుని చూసి, "దీనికీ టికెట్ కొట్టాలా?" అన్నాడు. "దానికి సీటిచ్చి నన్ను నిలబెట్టు బాబూ," అన్నాడు బావ. కొండెక్కి దిగే దాకా పైపుని రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు.

పోలిరాజు ఇప్పుడు లేని ఆ ఇల్లు స్లాబు ఇల్లయింది. కొడుకు వీరేంద్ర సముద్రం మీదికి వెళ్లాడు. కోడలు సూర్యకళ గుమ్మంలో చేపలు బాగుచేస్తోంది. అరుగు మీద కూచున్న గంగాలమ్మ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని మమ్మల్ని చూసింది. తర్వాత పైపుని చూసింది.

"పొడుగు పైపు కోసం ఎల్లినోడివి గదూ?" అంది. "ఇన్నేళ్లు పట్టిందంటే పెద్దదే తెచ్చినావనుకున్నాను. ఇదేటి, ఇంత పొట్టిది?"

బావ పైపుని గోడకి చేరేశాడు. "తప్పయిపోనాది అప్పా," అన్నాడు.

"తప్పేటి, కూకో. మంచినీల్లు తాగు. డిష్‌లు పెట్టినాం, ఉప్పు గాలి రెండిటినీ తినీసింది. మూడోది తుఫానుకి ఎగిరిపోనాది. ఒడ్డు దాటితే ఫోన్ కూడా పలకదు ఈ గోతిలో. నీ పొట్టి పైపుకేటొస్తాదో సూద్దాం."

సూర్యకళ చెయ్యి పట్టుకుని బావ ఒక్కో మెట్టే ఎక్కాడు. మేడ మీద పైపు నిలబెట్టాం. పాత యాంటెన్నాల కడ్డీలు మూరెడుంటే, దీనివి జానెడే. నేను కిందికి వచ్చి బాక్సు కలిపాను. తెర మీద సిగ్నల్ చూపించే గీత ఒకటి ఉంది. అది పూర్తిగా ఖాళీగా ఉంది.

బావ టవరున్న దిక్కుకే, ఎడమ కొండకేసి తిప్పాడు. "సౌండు పెంచురా!" అని అరిచాడు.

"పెంచాను బావా. పెంచడానికి ఏమీ లేదు."

"వాన చప్పుడు రావట్లేదేటి?"

"లేదు."

"చుక్కలు?"

"నల్లగా ఉంది బావా. ఏమీ లేదు."

కాస్త అటు తిప్పాడు, కాస్త ఇటు తిప్పాడు. పైపు ఎత్తు పెంచాడు, తగ్గించాడు. గంట గడిచింది. నేను పైకెళ్లి చూస్తే పిట్టగోడని ఆనుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా తడిసిపోయింది. రెండు చేతులతో మోకాళ్లు పట్టుకున్నాడు.

"దగ్గరికొస్తన్నానో దూరం పోతన్నానో తెలవట్లేదురా," అన్నాడు. "ఆ వానుంటే దాని ఎనకాల ఎల్లిపోయేవోణ్ణి. ఇదేటి, గుడ్డోడి సేతికి గుండ్రాయిచ్చినట్టుంది."

"కుడి పక్క కొండకేసి తిప్పి చూడు. అప్పుడు అక్కడే కదా వచ్చింది?"

కోపంగా చూశాడు. "అది దెయ్యం బొమ్మ. ఇంకోసారి ఆ ముసల్దాని ముందు ఎట్టమంటావేటి? ఇయ్యాలొస్తే అసలు బొమ్మే రావాల. లేపోతే విప్పీసి ఎల్లిపోదాం."

పానా తీసి క్లాంపు మీద పెట్టాడు కూడా. విప్పేస్తే ఆయన మళ్లీ ఎక్కలేడు. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

అప్పుడే కింద ఇసకలోంచి కేక వినిపించింది. వీరేంద్ర పడవ అలల అవతల ఉంది. చేపలు కొనే ఆటో అతను వెళ్లిపోతానని కేకలేస్తుంటే, బేగా రమ్మని చెప్పడానికి సూర్యకళ ఒడ్డుకి పరుగెత్తింది. అక్కడికెళ్లి పడవకి వీపు పెట్టి నిలబడింది. కుడివైపు కొండలో నిలువుగా కోసినట్టున్న రాయి ఒకటి ఉంది. దానికేసి తిరిగి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి, "ఓ... య్! బేగొచ్చీయ్!" అని అరిచింది. ఒక క్షణానికి పడవలో వీరేంద్ర లేచి చెయ్యూపాడు.

బావ చేతిలో పానా అలాగే ఉండిపోయింది.

"అదేటి? మొగుడటుంటే రాయికి సెప్తందేటి ఆ పిల్ల?"

కింద అరుగు మీంచి గంగాలమ్మ విని నవ్వింది. "ఎదురుగా అరిస్తే మన మొగం మీదికే ఊదీత్తాది బాబూ గాలి. ఆ రాయికి సెప్తే పడవలోకి ఎల్లిపోద్ది. మా అత్త కూడా అక్కడ నిలబడే మా మావని పిలిసీది. నాను కూడా ఈల్ల నాన్నని అలాగే పిలిసీదాన్ని."

"రెండు సార్లు ఇనబడదేటి అప్పా? నీదొకటి, రాయిదొకటి?"

"ఇనబడితే ఇనబడుద్ది. పిలిసింది నానే గదా, ఇంకెవుత్తయినా అనుకుంటాడేటి?"

బావ క్లాంపు మీంచి పానా తీసేశాడు. కాసేపు ఆ రాతినే చూశాడు. దేవీప్రసాద్ చెప్పిన మాట ఆయనకి అప్పుడు గుర్తొచ్చిందని తర్వాత నాతో అన్నాడు. ఇందులో నీడలుండవని. తిరిగొచ్చే బొమ్మ అప్పట్లో నీడని వెంటబెట్టుకొచ్చేది. ఇప్పుడు ఆ బాక్సు రెండిటినీ ఒకటి చేసేస్తుంటే, ఇంక రాతి మీంచొచ్చే బొమ్మకేం తక్కువ? పొద్దున్నే కుడివైపు తిప్పి ఉంటే అయిపోయేది. కానీ ముప్పై ఏళ్లుగా ఆ దిక్కంటే ఆయనకి సిగ్గు.

"కిందికెల్లు," అన్నాడు నాతో. "తెర ముందు నిలబడు. నాను సెవిటోణ్ణనుకుని అరిసీయ్."

వచ్చిందా, పోయింది అని ఎవరూ అరవక్కర్లేకుండా బతికిన మనిషి ఆ మాటన్నాడు. నేను మెట్లు దూకాను. యాంటెన్నా కుడి కొండ మీది రాతికేసి తిరుగుతున్న చప్పుడు పైనుంచి వినిపిస్తోంది. గీత కదిలింది.

"వచ్చింది బావా, కొంచెం! ఇంకా! ఇంకా... పోయింది! వెనక్కి!"

"ఎంత ఎనక్కిరా?"

"వేలెడు! అక్కడే! ఆగు, ఆగు!"

నల్ల తెర ఒక్కసారి వెలిగింది. పదకొండు గంటల వార్తలు వస్తున్నాయి. పచ్చ చీర కట్టుకున్న ఆవిడ, వెనక నీలం గోడ, చీర అంచు మీద బుటాలతో సహా కనిపించింది. సూర్యకళ చేపల చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. గంగాలమ్మ గోడ పట్టుకుంటూ లోపలికి వచ్చి, తెరకి దగ్గరగా మొహం పెట్టి చాలాసేపు చూసింది.

"ఒక్కత్తే ఉందేటి?" అంది. "రెండోదేది బాబూ?"

పైన బావకి వినిపించింది. సూర్యకళ, "రెండోదెవులు అత్తా?" అంది.

"మీ మావకి తెలుసు," అంది గంగాలమ్మ. మంచం అంచున కూచుని, కళ్లు తుడుచుకోకుండానే చూస్తూ ఉండిపోయింది.

బావ క్లాంపు బిగించి, ఒక్కో మెట్టూ కూచుంటూ దిగడానికి పావుగంట పట్టింది. లోపలికి రాలేదు. గుమ్మం దగ్గర్నుంచే ఒకసారి తొంగి చూశాడు.

"బాగుందేటి అప్పా?"

"బాగుంది. నువ్వు అప్పుడది తీకుండా ఉంటే ఇద్దరూ ఉండీవోల్లు," అంది ఆమె. అందులో కోపం లేదు. "కూకో. సేపల పులుసు తినెల్లు."

తిన్నాం. బయల్దేరేముందు బావ సంచిలోంచి పానా తీసి సూర్యకళ చేతిలో పెట్టాడు. చెక్క పిడి అరిగి నల్లబడిన పానా అది. ఇన్నేళ్లలో ఎవరడిగినా ఇవ్వగా నేను చూడలేదు.

"గాలికి తిరిగిపోద్దమ్మా. తెర నల్లబడితే దీంతో వదులు సేసి, ఆ రాయికేసి తిప్పు. నువ్వు మీ ఆయన్ని పిలిసీ సోటే. నీకు నాను సెప్పక్కర్లేదు."

"మరి మీకో బాబాయ్?"

"నాకేటి పనింక?" అన్నాడు.

బస్సు కొండెక్కి సింధియా వైపు దిగింది. దారి పొడవునా రెండు పక్కలా మేడలే. ఆయన ఒక్కదానికేసీ చూడలేదు. ఖాళీ సంచి మడిచి ఒళ్లో పెట్టుకుని, నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు.