దురాయి దాటిన ఓటు

పులికాటు ఒడ్డున మా అత్తగారి ఊళ్లో చదువొచ్చిన కోడలిని నేనొక్కదాన్నే. రెండు గుర్తులు పోటీపడ్డ ఆ ఎన్నికలప్పుడు నెల్లూరు నుంచి బస్సులో రెండు పత్రికలు వచ్చేవి. ఒకదాని నిండా రెండో గుర్తువాళ్లు దొంగలు, ఇంకోదాని నిండా మొదటి గుర్తువాళ్లు దేశద్రోహులు. టీ కొట్టు ముందు మగవాళ్లు వాటికోసం చొక్కాలు చించుకునేవారు. చదవడం రానివాళ్లకు కూడా కోపం మాత్రం బాగానే అందేది.

అవి అత్తకు చదివి వినిపించడం నా పని. ఆమె రొయ్యలు ఏరుతూ వినేది.

"తిట్లన్నీ ఏరి అవతల పడెయ్ మే. మిగిలింది చదువు" అనేది.

తిట్లు తీసేస్తే పేజీలో ఏమీ మిగిలేది కాదు. మాకు కావలసింది ఒక్కటే. సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం ఇసుకతో పూడిపోయి, చేపలు లోపలికి రావడం మానేశాయి. దాన్ని తవ్వించేదెవరు? వెతగ్గా వెతగ్గా ఒక మూల చిన్న వార్త దొరికింది. రెండో గుర్తు మనిషి ఇంజనీర్లను వెంటబెట్టుకొచ్చి ముఖద్వారం చూసి వెళ్లాడట. పత్రికను నమ్మేదేముందని అత్త తడ సంతకెళ్లినప్పుడు ముఖద్వారం వైపు జాలర్లను వాకబు చేసింది. నిజమే.

ఇంతలో దురాయి పడింది. దురాయి అంటే పెద్దకాపు, అదే మా ఊరిపెద్ద, విధించే కట్టుబాటు. మొదటి గుర్తువాళ్లు గంగమ్మ గుడికి కప్పు వేయిస్తామన్నారు కాబట్టి ఊరంతా వాళ్లకే వెయ్యాలి. మాట దాటిన ఇంటి మగవాణ్ణి ఏ పడవా ఎక్కించుకోదు.

"మన ఊరి పెట్టె విడిగా లెక్కేస్తారు. ఒక్క ఓటు అటు పడినా తెలిసిపోద్ది. నా పొట్ట కొట్టబాక" అన్నాడు మా ఆయన.

పోలింగు రోజు ముద్ర పట్టుకున్నప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది. అయినా రెండో గుర్తు మీదే వేశాను. బయటికొచ్చాక అత్త నన్నేమీ అడగలేదు, నేనూ ఆమెను అడగలేదు.

లెక్కింపులో మొదటి గుర్తే గెలిచింది. కానీ మా ఊరి పెట్టెలో రెండోదానికీ ఓట్లు పడ్డాయి, ఒకటీ అరా కాదు.

ఆ సాయంత్రం పెద్దకాపు ఆడవాళ్లతో సహా అందరినీ గంగమ్మ ముందు కూర్చోబెట్టి కర్పూరం వెలిగించాడు. దురాయి దాటలేదని చెప్పి చేత్తో మంట ఆర్పాలి. అబద్ధమాడి ఆర్పితే గంగమ్మ ఆ ఇంటి మగవాణ్ణి సముద్రంలో తీసుకుంటుందని మా నమ్మకం. నిజం చెబితే పడవ పోతుంది, అబద్ధం చెబితే మనిషే పోతాడు. అత్త నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి నా చేతికంటే చల్లగా ఉంది.

ప్రమాణం పెద్దకాపు ఇంటి నుంచే మొదలు కావాలి. ఆయన భార్య లేచివచ్చి నిలబడింది.

"ఆర్పు" అన్నాడాయన.

ఆమె చేతులు కట్టుకుని మంటనే చూస్తోంది.

"ఆర్పమంటుండా గదా."

"మన బిడ్డలు గంగ మీద వేటకు పోయేవోళ్లు. నేను ఆర్పను" అంది.

కర్పూరం దానంతటదే కొండెక్కింది. పెద్దకాపు ఇంకో బిళ్ల వెలిగించలేదు. తెల్లారి పడవలన్నీ కదిలాయి. మా ఆయన కూడా ఎక్కాడు.